కలరా దెబ్బతీసే కణం, ఓఆర్‌ఎస్ నిలబెట్టే కణం: కణ భాగాల నిర్మాణం, పని

1971లో బంగ్లాదేశ్ విముక్తి యుద్ధ సమయంలో ప్రాణాలు దక్కించుకుని సరిహద్దు దాటిన లక్షల మంది పశ్చిమ బెంగాల్ శిబిరాల్లో తలదాచుకున్నారు. వానాకాలం, కిక్కిరిసిన గుడారాలు, కలుషితమైన నీరు. కలరా చెలరేగింది. సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో నరానికి ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటాయి. అక్కడ వైద్యం చేస్తున్న డాక్టర్ దిలీప్ మహాలనబిస్ బృందం మరో దారి పట్టింది. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపి రోగుల చేత తాగించింది. చాలాచోట్ల తాగించినవాళ్లు రోగుల బంధువులే. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు 3.6 శాతానికి తగ్గాయి.

తీవ్రమైన కలరాలో రోగి పేగుల నుంచి గంటకు లీటరు దాకా నీరు పోతుంది. అలాంటి పేగులోకి ఎంత నీరు పోసినా బయటికే వచ్చేయాలి కదా? వట్టి నీళ్లు తాగిస్తే దాదాపు అదే జరుగుతుంది. ఉప్పునీళ్లు తాగించినా అంతే. ఉప్పుకు గ్లూకోజు తోడైతే మాత్రం అదే పేగు నీటిని పీల్చుకుంటుంది. ఇందులోని రహస్యం పేగు గోడలో ఉన్న ఒక్కో కణం నిర్మాణంలో ఉంది.

బడిలో కణం బొమ్మ గీయించి భాగాలు గుర్తించమంటారు. కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోజోములు, గాల్జీ సంక్లిష్టం అని పేర్లు రాస్తే మార్కులు పడతాయి. ఆ భాగాలు ఒకదానితో ఒకటి కలిసి ఎలా పనిచేస్తాయో, ఒకటి చెడితే మిగతావి ఏమవుతాయో ఆ బొమ్మ చెప్పదు. కలరా సోకిన పేగు కణాన్ని తీసుకుంటే ఈ సంబంధాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. కలరా విషం ఈ కణంలోని దాదాపు ప్రతి ముఖ్యమైన గదినీ తాకుతుంది. ఓఆర్‌ఎస్ అది ముట్టుకోని ఒక ద్వారాన్ని వాడుకుంటుంది.

కణం: కొన్ని మౌలిక విషయాలు

1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, తేనెపట్టులోని అరల్లాంటి గదులను చూసి వాటికి 'సెల్' అని పేరు పెట్టాడు. ఆయన చూసినవి చచ్చిన కణాల గోడలు. మొక్కలన్నీ కణాలతో తయారైనవేనని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని 1839లో ష్వాన్ చెప్పారు. ఉన్న కణం నుంచే కొత్త కణం పుడుతుందన్న సూత్రాన్ని 1855లో విర్కో ప్రచారంలోకి తెచ్చాడు. ఈ మూడు మాటలూ కలిస్తే కణ సిద్ధాంతం.

మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం ఎర్ర రక్తకణాలు. మనం చూడబోయేది చిన్నపేగు లోపలి గోడను కప్పి ఉండే కణం. నిలువుగా పేర్చిన పెట్టెలా ఉండే ఈ కణం పొడవు సుమారు 20 మైక్రాన్లు. అంటే 50 కణాలను ఒకదానిపై ఒకటి నిలబెడితే ఒక మిల్లీమీటరు.

దీనికి రెండు ముఖాలు ఉంటాయి. పైముఖం ఆహారం ప్రవహించే పేగు గొట్టం వైపు, కింది ముఖం రక్తనాళాల వైపు. పక్కపక్క కణాలు పైఅంచు దగ్గర గట్టిగా కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. కాబట్టి గ్లూకోజు లాంటి పదార్థం పేగు నుంచి రక్తంలోకి చేరాలంటే కణం గుండానే పోవాలి. పైముఖంలో ఒక రకం ద్వారాలు, కింది ముఖంలో మరో రకం ద్వారాలు ఉంటాయి. ఈ తేడాయే పేగు చేసే పనికంతటికీ ఆధారం.

కణత్వచం: ద్వారాలున్న పొర

కణాన్ని చుట్టి ఉండే కణత్వచం మందం 5 నుంచి 10 నానోమీటర్లు మాత్రమే. ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు రెండు వరసలుగా అమరి ఈ పొర తయారవుతుంది. ప్రతి అణువుకూ నీటిని ఇష్టపడే తల, నీటికి దూరంగా జరిగే తోకలు ఉంటాయి. తలలు బయటికీ లోపలికీ తిరిగితే, తోకలు మధ్యలో దాక్కుంటాయి. ఈ నూనె పొరే ఉప్పు, చక్కెర వంటి వాటిని ఇష్టం వచ్చినట్టు దాటనివ్వదు.

దాటాలంటే ద్వారం కావాలి. ఆ ద్వారాలు పొరలో పొదిగిన ప్రోటీన్లు. కొవ్వు పొర స్థిరంగా గడ్డకట్టి ఉండదనీ, అందులో ప్రోటీన్లు తేలుతూ కదులుతుంటాయనీ సింగర్, నికల్సన్ 1972లో చెప్పిన నమూనానే కొన్ని సవరణలతో ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

పేగు కణాల కథలో మూడు ద్వారాలు ముఖ్యమైనవి.

మొదటిది పైముఖంలోని సోడియం–గ్లూకోజు వాహకం. ఇది రెండు సోడియం అయాన్లనూ ఒక గ్లూకోజు అణువునూ కలిపి లోపలికి తీసుకుంటుంది. రెండూ జంటగా వస్తేనే పని జరుగుతుంది. ఈ జంట రవాణా ఆలోచనను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో బయటపెట్టాడు.

రెండోది కింది ముఖంలోని సోడియం–పొటాషియం పంపు. ఇది ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీంతో కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. అందుకే పైముఖం నుంచి సోడియం లోపలికి రావడానికి తొందరపడుతుంది, వస్తూ గ్లూకోజును వెంటబెట్టుకొస్తుంది. ఈ పంపు గురించి 1957లో తెలియజేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మూడోది క్లోరైడు ద్వారం. ఇది కణం నుంచి క్లోరైడును పేగు గొట్టంలోకి వదులుతుంది. పేగు లోపల తడి ఉండటానికి, ఆహారం జారడానికి ఇది కొద్ది కొద్దిగా తెరుచుకుంటే చాలు. పుట్టుకతోనే ఈ ద్వారం లోపంతో ఉంటే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు వస్తుంది. ద్వారం మూతపడకుండా ఉండిపోతే ఏమవుతుందో కలరా చూపిస్తుంది.

నీటిని తోసే పంపు ఏదీ కణంలో లేదు. లవణాలు, చక్కెర ఎటు ఎక్కువగా చేరితే నీరు అటు వెళ్తుంది. కణం చేతిలో ఉన్నది లవణాలను కదిలించడమే. ఈ ఒక్క విషయం గుర్తుంటే కలరా, దాని చికిత్స రెండూ అర్థమవుతాయి.

మైటోకాండ్రియా: పంపుకు ఇంధనం

సోడియం పంపు ఊరికే తిరగదు. ప్రతి విడతకూ ఒక ఏటీపీ అణువు ఖర్చవుతుంది. ఆ ఏటీపీలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో తయారవుతుంది. దీనికి రెండు పొరలు. లోపలి పొర మడతలు పడి ఉంటుంది. మడతలు పెరిగితే వైశాల్యం పెరుగుతుంది, పనిచేసే యంత్రాలకు చోటు దొరుకుతుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఈ పొర మీద చేతులు మారుతుండగా హైడ్రోజన్ అయాన్లు పొరకు ఒకవైపు పోగుపడతాయి. ఆనకట్ట వెనుక నీరు టర్బైన్‌ను తిప్పినట్టే ఆ అయాన్లు తిరిగి వస్తూ ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్‌ను తిప్పుతాయి. ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది.

ఏటీపీని గుర్తించిన చరిత్రలో తెలుగువాడి పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరం నుంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ, సొంత రైబోజోములు ఉంటాయి. ఆ రైబోజోములు మన కణంలోని మిగతా వాటికంటే బాక్టీరియా రైబోజోములకు దగ్గరి పోలికతో ఉంటాయి. ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా మరో కణంలో స్థిరపడి మైటోకాండ్రియాగా మారిందనడానికి ఇదొక ఆధారం. 1967లో లిన్ మార్గులిస్ ఈ వాదనను ముందుకు తెచ్చినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు దాన్ని కాదనేవారు దాదాపు లేరు.

కేంద్రకం, రైబోజోములు: సూచన నుంచి ప్రోటీన్ దాకా

పైన చెప్పిన ద్వారాలు, పంపులు అన్నీ ప్రోటీన్లే. వాటిని ఎలా తయారుచేయాలన్న సూచన కేంద్రకంలోని డీఎన్‌ఏలో ఉంటుంది. సాగదీస్తే సుమారు రెండు మీటర్ల పొడవుండే డీఎన్‌ఏ 46 క్రోమోజోములుగా చుట్టుకుని, కొన్ని మైక్రాన్ల వెడల్పు మాత్రమే ఉన్న కేంద్రకంలో ఇముడుతుంది. కేంద్రకానికి రెండు పొరల కవచం, దానికి రంధ్రాలు ఉంటాయి. డీఎన్‌ఏ బయటికి రాదు. కావలసిన జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తయారై రంధ్రాల గుండా బయటికి వస్తుంది.

ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు మనిషిలో సుమారు 20 వేలు. పేగు కణంలోనూ మెదడు కణంలోనూ ఉన్నవి అవే. పేగు కణం తనకు కావలసిన వాటినే చదువుతుంది. సోడియం–గ్లూకోజు వాహకం జన్యువు ఇక్కడ చురుగ్గా ఉంటుంది.

ఆ నకలును చదివి అమైనో ఆమ్లాలను వరసగా కూర్చేది రైబోజోము. ఇది ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లతో తయారైన రెండు ముక్కల యంత్రం. కణద్రవ్యంలోనే వాడుకునే ప్రోటీన్లను విడిగా తిరిగే రైబోజోములు తయారుచేస్తాయి. కణత్వచంలో పొదగాల్సినవి, కణం బయటికి పంపాల్సినవి అంతర్జీవద్రవ్య జాలానికి అతుక్కున్న రైబోజోముల మీద తయారవుతాయి.

అంతర్జీవద్రవ్య జాలం, గాల్జీ, లైసోజోములు: సరుకు దారి

అంతర్జీవద్రవ్య జాలం కేంద్రకం కవచానికి ఆనుకుని కణమంతా పరుచుకునే సంచులు, గొట్టాల వల. గరుకు భాగంలో ప్రోటీన్లు సరైన ఆకారంలోకి మడత పడతాయి. నునుపు భాగంలో కొవ్వులు తయారవుతాయి. ఇక్కడ నాణ్యత తనిఖీ కఠినంగా ఉంటుంది. మడత సరిగా పడని ప్రోటీన్‌ను గుర్తించి, జాలం నుంచి కణద్రవ్యంలోకి తోసి, ముక్కలు చేయిస్తారు కాపలాదారు ప్రోటీన్లు.

తనిఖీ దాటిన సరుకు చిన్న బుడగల్లో గాల్జీ సంక్లిష్టానికి వెళ్తుంది. 1898లో కమిల్లో గాల్జీ గుర్తించిన ఈ పళ్లేల దొంతరలో ప్రోటీన్లకు చక్కెర గొలుసులు తగులుతాయి, ఏది ఎక్కడికి పోవాలో నిర్ణయమవుతుంది. పైముఖానికి పోవాల్సిన వాహకం పైకి, కింది ముఖానికి పోవాల్సిన పంపు కిందికి చేరేది ఈ ఏర్పాటు వల్లే. పేగు గోడలో మధ్యమధ్య ఉండే కలశ కణాలు తయారుచేసే జిగురు కూడా గాల్జీలోనే ముగింపు మెరుగులు దిద్దుకుంటుంది.

లైసోజోములు జీర్ణకారక ఎంజైములున్న సంచులు. లోపల ఆమ్లత్వం ఉంటుంది. బయటి నుంచి కణం మింగిన పదార్థాలు, పాడైన కణాంగాలు ఇక్కడ ముక్కలవుతాయి. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డ్యూవ్ 1955లో వీటికి ఈ పేరు పెట్టాడు. వీటిలోని ఒక్క ఎంజైము లోపించినా అరగని పదార్థం పేరుకుపోయి గోషే, పాంపే వంటి అరుదైన జబ్బులు వస్తాయి.

విషం ఎదురుదారిలో ప్రయాణం

కలరా బాక్టీరియాను రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో వేరుచేసి చూపాడు. అది ప్రాణం ఎలా తీస్తుందన్నది మరో 75 ఏళ్లు తేలలేదు. 1959లో కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే, బాక్టీరియాను పూర్తిగా వడకట్టి తీసేసిన ద్రవం ఒక్కటే కుందేలు పేగులో నీరు చేరేలా చేయగలదని రుజువు చేశారు. అంటే హాని చేసేది బాక్టీరియా వదిలే విషం. అది రక్తంలో కలిసి ఒళ్లంతా పాకదు, పేగు కణాల మీదే పనిచేస్తుంది.

ఆ విషం ఆరు ముక్కల ప్రోటీన్. ఐదు ముక్కలు ఉంగరంలా అమరి ఉంటాయి. ఆరోది అసలు ఆయుధం. ఉంగరం కణత్వచం పైపొరలో ఉండే ఒక చక్కెర–కొవ్వు అణువును పట్టుకుంటుంది. కణత్వచం లోపలికి ముడుచుకుని, ఆ విషాన్ని బుడగలో మింగుతుంది.

ఇలా మింగినవి చాలావరకు లైసోజోముల్లో ముగుస్తాయి. కలరా విషంలో కొంత భాగం ఆ దారి తప్పించుకుంటుంది. కణం సరుకును పంపే దారి అంతర్జీవద్రవ్య జాలం నుంచి గాల్జీకి, అక్కడి నుంచి పైపొరకు. విషం ఇదే దారిలో వెనక్కి నడుస్తుంది: పైపొర నుంచి గాల్జీకి, గాల్జీ నుంచి జాలానికి. జాలంలో ఆయుధ ముక్క విడిపోయి, మడత విప్పుకుని, పాడైన ప్రోటీన్‌లా కనిపిస్తుంది. నాణ్యత తనిఖీ వ్యవస్థ దాన్ని చెత్తగా భావించి కణద్రవ్యంలోకి తోసేస్తుంది. విషానికి కావలసిందీ అదే. ముక్కలు కావడానికి ముందే అది మళ్లీ మడత పడి పనిలో దిగుతుంది.

కణద్రవ్యంలో ఒక స్విచ్ ప్రోటీన్ ఉంటుంది. మామూలుగా ఇది వెలిగి ఆరుతుంటుంది. విషం దానికి ఒక రసాయన ముక్కను అతికించి ఆరకుండా చేస్తుంది. దాంతో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పోగవుతుంది. క్లోరైడు ద్వారం తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. క్లోరైడు పేగులోకి పోతుంది, సోడియం దాని వెంట, నీరు ఆ రెంటి వెంట. ఉప్పును విడిగా పీల్చుకునే మరో ద్వారం కూడా ఇదే సంకేతంతో మందగిస్తుంది. వట్టి ఉప్పునీళ్లు కలరాలో పనిచేయకపోవడానికి కారణం ఇది.

ఇంత జరిగినా కణం చావదు. కేంద్రకం, మైటోకాండ్రియా, పంపులు అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. చచ్చేది కణం కాదు, నీరంతా పోయి మనిషి.

కణాస్థిపంజరం: ఆకారం, పట్టాలు

కణద్రవ్యంలో ప్రోటీన్ తంతువుల వల ఒకటి ఉంటుంది. ఆక్టిన్ తంతువులు ఆకారాన్నీ కదలికనూ ఇస్తాయి. సూక్ష్మనాళికలు బుడగలు ప్రయాణించే పట్టాలుగా పనిచేస్తాయి. మధ్యస్థ తంతువులు కణానికి బలం. పేగు కణం పైముఖంలో వేలకొద్దీ సూక్ష్మచూషకాలు, అంటే వెంట్రుకల్లాంటి ముడతలు ఉంటాయి. ఒక్కోదాన్నీ లోపలి నుంచి నిలబెట్టేది ఆక్టిన్ కట్ట. పేగు గోడ మడతలు, ఆంత్రచూషకాలు, వాటి మీద ఈ సూక్ష్మచూషకాలు కలిసి మన జీర్ణనాళం లోపలి వైశాల్యాన్ని సుమారు 30 చదరపు మీటర్లకు పెంచుతాయి. సోడియం–గ్లూకోజు వాహకాలు ఉండేది ఈ సూక్ష్మచూషకాల మీదే. మనం తినే చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టే ఎంజైము ఉండేదీ ఇక్కడే. ఇంటి చక్కెరతో కలిపిన ద్రావణం కూడా పనిచేయడం వెనుక ఉన్న కారణం ఇది.

బాక్టీరియా కణం, మొక్క కణం: తేడాలు

కలరా బాక్టీరియా కూడా కణమే. దానికి కేంద్రకం లేదు. డీఎన్‌ఏ కణద్రవ్యంలోనే ఉంటుంది. మైటోకాండ్రియా, గాల్జీ లేవు. కణత్వచం బయట కణకవచం ఉంటుంది. ఈదడానికి ఒక చివర కశాభం ఉంటుంది. విషం తయారుచేసే జన్యువు కూడా దానికి ఒక వైరస్ నుంచి వచ్చిందని 1996లో తేలింది.

వైద్యానికి పనికొచ్చే తేడా రైబోజోములో ఉంది. బాక్టీరియా రైబోజోము మనదానికంటే చిన్నది, నిర్మాణం వేరు. కలరాలో వాడే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ బాక్టీరియా రైబోజోముకే అతుక్కుని దాని పని ఆపుతాయి. ఈ యంత్రం నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో చూపినందుకు 2009లో వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, ఆదా యోనత్‌లకు రసాయన నోబెల్ వచ్చింది. చిదంబరంలో పుట్టిన రామకృష్ణన్ బృందం 2000లో రైబోజోము చిన్న ముక్క నిర్మాణాన్ని ప్రకటించింది. కలరాలో ఈ మందులు విరేచనాల కాలాన్ని తగ్గిస్తాయి, అంతే. కణంలోకి అప్పటికే చేరిన విషాన్ని అవి తీయలేవు. ముందు నీరు, తర్వాతే మందు.

మొక్క కణానికి సెల్యులోజు గోడ, పెద్ద రిక్తిక, హరితరేణువులు అదనం. హరితరేణువు కూడా ఒకప్పటి బాక్టీరియా వారసురాలే. సూర్యకాంతితో అది తయారుచేసిన చక్కెరే చెరకులోకీ, బియ్యంలోని పిండి పదార్థంలోకీ చేరుతుంది. గంజిలోని పిండి పదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా విడిపోతుంది. బియ్యప్పిండితో చేసిన ఓఆర్‌ఎస్ కలరాలో బాగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది కూడా.

తెరిచి ఉన్న మరో ద్వారం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. విషం క్లోరైడు ద్వారాన్ని తెరిచిపెట్టింది, ఉప్పు ద్వారాన్ని మందగింపజేసింది. సోడియం–గ్లూకోజు వాహకం జోలికి మాత్రం పోలేదు. నీటిని ఎక్కువగా వదిలేవి పేగు గోడ గుంటల్లోని కణాలు, పీల్చుకునేవి ఆంత్రచూషకాల మీది కణాలు. ఆ పీల్చుకునే కణాలకు సోడియం, గ్లూకోజు జంటగా అందితే అవి లోపలికి పోతాయి. కింది ముఖంలోని పంపు మైటోకాండ్రియా ఇచ్చిన ఏటీపీతో సోడియాన్ని రక్తం వైపు తోస్తుంది. నీరు వెంట వెళ్తుంది. కారేది కారుతూనే ఉంటుంది, అయితే చేరేది కారేదాన్ని మించుతుంది.

ఎంతకాలం ఇలా నెట్టుకురావాలి? అక్కడ కేంద్రకం పని ముందుకొస్తుంది. పేగు గోడ గుంటల అడుగున ఉన్న మూలకణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. కొత్త కణాలు పైకి జరుగుతూ పాతవాటిని రాల్చేస్తాయి. 3 నుంచి 5 రోజుల్లో పేగు లోపలి పొర మారిపోతుంది. స్విచ్ చెడిన కణాలు రాలిపోతాయి, బాగున్నవి ఆ చోటుకు వస్తాయి. రోగి ఆ కొద్ది రోజులు నీటి లోటుతో చనిపోకుండా ఉంటే చాలు, పేగు తనను తాను బాగుచేసుకుంటుంది.

ఈ సూత్రాన్ని మనుషుల మీద రుజువు చేసినవాళ్లలో ఢాకా కలరా పరిశోధనశాల వైద్యులు ముందున్నారు. 1968లో వారి ఫలితాలు వెలువడ్డాయి. బన్‌గావ్ అనుభవం దాన్ని ఆసుపత్రి గోడలు దాటించింది. 1980ల్లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి ఉప్పు, బెల్లంతో ద్రావణం కలపడం తల్లులకు నేర్పారు. 2022లో కన్నుమూసిన మహాలనబిస్‌కు మరుసటి ఏడాది భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

పాళ్లు తప్పితే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు ఉంటాయి. సోడియం, గ్లూకోజు అణువుల సంఖ్య సరిసమానం. ద్రావణం మొత్తం గాఢత రక్తం కంటే తక్కువ. అందువల్ల నీరు పేగు నుంచి రక్తం వైపు సులువుగా జరుగుతుంది.

దీని పక్కన లీటరుకు 100 గ్రాముల దాకా చక్కెర ఉండే శీతల పానీయాన్ని పెట్టి చూడండి. వాహకానికి జంటగా కావలసిన సోడియం అందులో నామమాత్రం. లోపలికి పోలేని చక్కెర పేగులోనే ఉండిపోయి, రక్తం నుంచి నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు తగ్గాల్సింది పోయి పెరుగుతాయి. నీరసంగా ఉన్న బిడ్డకు తియ్యటిది తాగిస్తే సత్తువ వస్తుందన్న నమ్మకం ఇక్కడ ప్రమాదం తెస్తుంది.

కొన్ని తియ్యటి పానీయాలు పేరులో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పెట్టుకుని మందుల దుకాణాల్లో అమ్ముడుపోవడం అందుకే వివాదమైంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. పైకి చూస్తే ఇది లేబుల్ తగాదా. అసలు విషయం పేగు కణం పైముఖంలో ఉన్న ఒక ప్రోటీన్ ఏ పాళ్లలో పనిచేస్తుందన్నది. అది కంపెనీ పేరును బట్టి మారదు.

ప్రపంచంలో ఏటా సుమారు 4.4 లక్షల మంది అయిదేళ్లలోపు పిల్లలు విరేచనాల వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కలరా కాని మామూలు విరేచనాల్లోనూ ఈ వాహకం చాలావరకు పనిచేస్తుంది కాబట్టి చికిత్స ఒకటే.

పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని ఉందో లేదో చూడాలి. పొట్లం మొత్తాన్ని దాని మీద రాసినంత శుభ్రమైన నీటిలోనే ఒకేసారి కలపాలి. సగం పొట్లం, అరగ్లాసు నీళ్లు అని అంచనాగా కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపినది 24 గంటల్లో వాడేయాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీటికి ఆరు చదును చెంచాల చక్కెర, అర చదును చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపై పదేళ్ల వరకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు, ఆహారం ఆపకూడదు. జింకు మాత్రలు డాక్టరు చెప్పినట్టు 10 నుంచి 14 రోజులు వేయాలి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంతగా నీరు పోయినప్పుడు నరానికి సెలైన్ ఎక్కించక తప్పదు.